ఆకుల మీద పలురంగులుంటే 'వేరిగేటెడ్' అంటారు కదా, ఆ మాటను ఇంకెక్కడెక్కడ వాడవచ్చు?

ప్రశ్న: కావలి నర్సరీ

సభ్యులందరికీ నమస్కారం. కావలిలో మేము చిన్న నర్సరీ నడుపుతున్నాము. కడియం నుంచి లారీలో వచ్చే మొక్కలలో చాలావాటికి కట్టిన చీటీల మీద 'వేరిగేటెడ్' అనే మాట ఉంటుంది. వేరిగేటెడ్ మందారం, వేరిగేటెడ్ రబ్బరు మొక్క, వేరిగేటెడ్ నిమ్మ అని వ్రాసి పంపుతారు. ఆకుపచ్చతో పాటు తెలుపో పసుపో కలిసిన ఆకులున్న మొక్కకు ఆ పేరు పెడతారని అలవాటు మీద మాకు తెలుసు. అయితే మొక్కలు కొనడానికి వచ్చిన పెద్దవారు "ఆ మాటకు అర్థమేమిటి నాయనా?" అని అడిగినప్పుడు "రంగురంగుల మొక్క అమ్మా" అని చెప్పి ఊరుకోవలసి వస్తున్నది. ఆ సమాధానం చాలదని నాకే అనిపిస్తున్నది, ఎందుకంటే కాగితంపూల మొక్కలను ఐదారు రంగులవి తెచ్చి వరుసగా పెట్టినా వాటికి ఎవరూ ఆ మాట వాడరు.

కాబట్టి ఆ మాటకు అసలు అర్థమేమిటో, దానిని మొక్కలకు మాత్రమే వాడాలో, జంతువులకూ రాళ్లకూ బట్టలకూ కూడా వాడవచ్చునో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను. మా దగ్గర చీటీలన్నీ తెలుగులో వ్రాయించాలని ఉన్నది. అందుకు తగిన తెలుగు మాట సూచిస్తే ఇంకా మేలు.

జవాబు: ఒంగోలు విశ్రాంత ఉపన్యాసకుడు

కావలి మిత్రులకు నమస్కారం. మీరు చెప్పిన కాగితంపూల ఉదాహరణలోనే సగం సమాధానం ఉన్నది. ఐదు మొక్కలు ఐదు రంగుల్లో పూస్తే అది రంగుల వైవిధ్యం మాత్రమే. ఒకే ఆకు మీద, ఒకే రేకు మీద, ఒకే ఈక మీద ఒకదానితో ఒకటి కలిసిపోని రంగులు విడివిడి మచ్చలుగానో చారలుగానో పట్టీలుగానో కనిపించినప్పుడే ఆంగ్లేయులు వేరిగేటెడ్ అంటారు. అంటే ఈ మాటకు రంగులు ఎన్ని ఉన్నాయన్నది ముఖ్యం కాదు, రెండున్నా చాలు. అవి ఒకే ఒంటి మీద ఉండాలి, వాటి హద్దులు కంటికి తెలియాలి, ఆ హద్దులు గీత గీసినట్లు క్రమంగా కాక ప్రకృతి ఇష్టం వచ్చినట్లు పోవాలి. చదరంగం బల్ల మీద నలుపు తెలుపు గళ్లు ఎంత స్పష్టంగా ఉన్నా దానికి ఈ మాట నప్పదు.

ఈ మాట లాటిన్ నుంచి 17వ శతాబ్దంలో ఆంగ్లంలోకి వచ్చింది. 'వేరియస్' అంటే పలువిధాలైనది, 'ఆగెరె' అంటే చేయడం, నడపడం. రెండూ కలిసి 'పలువిధాలుగా చేసినది' అనే అర్థం ఏర్పడి, అది రంగుల విషయానికి స్థిరపడింది. మనమందరం రోజూ పలికే 'వెరైటీ' కూడా ఆ వేరు నుంచి వచ్చినదే. మన తెలుగులోని 'వేరు', 'వేర్వేరు' అనే మాటలతో ధ్వని కలిసినా వాటికీ దీనికీ చుట్టరికం ఏమీ లేదు. ఈ పొరపాటు అభిప్రాయం చదువుకున్నవారిలో కూడా విన్నాను కనుక చెబుతున్నాను. ఉచ్చారణలో బలం మొదటి అక్షరం మీద పడుతుంది. 'వేరిగేటిడ్' అని నాలుగుగా విరిచి పలికేవారూ ఉన్నారు, 'వేరియగేటిడ్' అని ఐదుగా పలికేవారూ ఉన్నారు. రెండూ ఒప్పే.

శాస్త్రీయ నామాలలో కూడా ఈ మాట మీకు తారసపడుతుంది. లిన్నేయస్ 1753లో క్రోటన్ మొక్కకు పెట్టిన పేరులోనే ఇది ఉన్నది. నేడు దానిని కోడియేయం వేరిగేటం అంటున్నారు. ఒకే ఆకు మీద పచ్చ, పసుపు, ఎరుపు, నారింజ కలగలిసి కనిపించే మొక్కకు అంతకన్నా తగిన పేరు దొరకదు. కాంచనం జాతులలో ఒకదానికి బౌహీనియా వేరిగేటా అనీ, బాడిత చెట్టుకు ఎరిత్రైనా వేరిగేటా అనీ పేర్లు.

మొక్కలకు మాత్రమే పరిమితమా అని అడిగారు. కాదు. పక్షుల ఈకలకు, గవ్వలకు, పాలరాతికి, ఇసుకరాతి పొరలకు, మధ్యమధ్య రంగు మారుతూ పోయే అల్లిక దారానికి కూడా వాడతారు. అయితే రాయి అన్న ప్రతిదానికీ వాడరాదు. మన చీమకుర్తి గెలాక్సీ రాయిని చూడండి. మెరుగుపెట్టిన పలకను ఎండలో కొంచెం వంచితే నల్లని నేల మీద బంగారు రంగు రవ్వలు ఒక్కసారిగా వెలిగి, మరికొంచెం వంచగానే ఆరిపోతాయి. ఆ రవ్వలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. అది చూడముచ్చటైన రాయే గాని, అక్కడ నేల అంతా నలుపు, రవ్వలు దానిమీద చల్లినట్లుంటాయి. అటువంటిదానికి ఆంగ్లంలో 'స్పెకిల్డ్' లేదా 'ఫ్లెక్డ్' అనే మాటలు తగినవి. వేరిగేటెడ్ అనాలంటే రెండవ రంగు కూడా తనకంటూ కొంత చోటు ఆక్రమించాలి.

ఇక ఆలంకారికంగా కూడా ఈ మాటకు వాడుక ఉన్నది. పలు రకాల మనుషులు చేరిన గుంపునూ, పలు వృత్తుల మీదుగా సాగిన జీవితాన్నీ ఇలా వర్ణించడం గ్రాంథికశైలి ఆంగ్లంలో కనిపిస్తుంది. సంభాషణలో ఎవరూ వాడరు. ఒక్క మాట విద్యార్థులకు ఎప్పుడూ గట్టిగా చెప్పేవాడిని: బొల్లి వంటి చర్మవ్యాధి ఉన్న మనిషిని గురించి వ్రాసేటప్పుడు ఈ పదాన్ని వాడకండి. నిఘంటువు ప్రకారం అర్థం సరిపోయినట్లు అనిపించినా, మనిషిని ఆకుతోనూ రాతితోనూ సమానం చేసినట్లవుతుంది.

జవాబు: పొదలకూరు నిమ్మతోట

మాస్టారి వివరణ ఎంతో బాగున్నది. నేను ఉద్యానశాస్త్రం చదువుకుని తోట చేసుకుంటున్న మనిషిని. పదం గురించి వారు చెప్పినదానికి తోటలోని ఒక ముఖ్యమైన నియమాన్ని చేర్చదలచుకున్నాను. ఆకు మీద రెండు రంగులు కనిపించినంత మాత్రాన మొక్కను వేరిగేటెడ్ అనకూడదు. ఆ రంగుల తేడా మొక్క స్వభావంలో ఉండాలి, ఆరోగ్యంగా ఎదుగుతున్నా అలాగే ఉండాలి, అంటు కట్టినా కొమ్మ నాటినా వెంట రావాలి. ఆకలి వల్లనో తెగులు వల్లనో వచ్చిన పసుపుకు మరో పేరు ఉన్నది. ఈ తేడా తెలియక ఒక తోటలో అందమనుకుని వదిలేసిన లక్షణం, నాలుగు తోటలకు పాకిన తరువాత గాని రోగమని తెలియని సందర్భాలు ఉంటాయి.

నిమ్మనే తీసుకుందాము. జింకు ధాతువు చాలనప్పుడు కొత్తగా వచ్చే ఆకులు చిన్నవిగా, సన్నగా వస్తాయి. ఈనెలు పచ్చగానే ఉండి వాటి నడుమ భాగం పసుపు తిరుగుతుంది. దూరం నుంచి చూసినవారు ఎంత చక్కని ఆకు అనుకుంటారు. దీనిని ఆంగ్లంలో 'మాటిల్ లీఫ్' అంటారు. జింకు సల్ఫేటు పిచికారి చేస్తే తరువాత వచ్చే చిగురు మామూలు రంగులో వస్తుంది. గ్రీనింగ్ తెగులు దీనికన్నా చాలా ప్రమాదకరమైనది. సిల్లా పురుగు మోసుకువచ్చే బాక్టీరియా వల్ల వచ్చే ఈ తెగులులో కూడా ఆకు మీద పసుపు మచ్చలు ఏర్పడతాయి. దీనిని 'బ్లాచీ మాటిల్' అంటారు. సోకిన చెట్టును నయంచేసే మందు లేదు. రెండింటినీ పోల్చుకోవడానికి తోటలో చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. ముదురు ఆకును ఒకదానిని కోసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, నడిమి ఈనెకు కుడివైపు సగాన్నీ ఎడమవైపు సగాన్నీ పోల్చి చూడండి. ధాతులోపమైతే పసుపు రెండువైపులా దాదాపు ఒకే తీరుగా, అద్దంలో చూసినట్లు ఉంటుంది. గ్రీనింగ్ అయితే ఒకవైపు ఈనె మొదట్లో పసుపు మచ్చ ఉన్నచోట రెండవవైపు పచ్చగా ఉంటుంది. మచ్చలు ఈనెలను లెక్కచేయకుండా దాటిపోతాయి. అనుమానం వస్తే ఉద్యానశాఖవారికి చూపించాలి గాని ఆ చెట్టు నుంచి కొమ్మ తీసి అంటు కట్టరాదు.

నిజంగా వేరిగేటెడ్ అనదగిన నిమ్మ కూడా ఉన్నది. కాలిఫోర్నియాలో 1930ల ప్రాంతంలో యురేకా నిమ్మ చెట్టు మీద తనంతట తానుగా పుట్టిన ఒక కొమ్మ నుంచి వచ్చిన రకమది. ఆకు మీద పచ్చ, మీగడ రంగులు ఉంటాయి. లేతకాయ మీద చారలు ఉండి పండేకొద్దీ మాసిపోతాయి. లోపలి గుజ్జు గులాబీ రంగులో ఉంటుంది. మీ దగ్గరకు వచ్చిన మొక్క అదేనా కాదా అనేది కాయ మీది చారలు చూసి చెప్పవచ్చును.

మినుము, పెసర వేసే రైతులకు పల్లాకు తెగులు గురించి చెప్పనవసరం లేదు. తెల్లదోమ మోసుకువచ్చే వైరస్ వల్ల ఆకు మీద పసుపు, పచ్చ పెంకులు అతికినట్లు కనిపిస్తుంది కనుక దానిని 'మొజాయిక్' అన్నారు. దానిని ఎంత రంగులమయంగా ఉన్నా వేరిగేటెడ్ పంట అని ఏ శాస్త్రవేత్తా వ్రాయడు. అయితే ఈ నియమానికి కూడా మినహాయింపులు లేకపోలేదు. 17వ శతాబ్దంలో హాలండు దేశస్థులు ఇంటి ధర పెట్టి కొన్న చారల తులిప్ పూల అందానికి కారణం వైరస్ అని 20వ శతాబ్దంలో గాని తేలలేదు. మన తుత్తురబెండ జాతికి చెందిన ఒక విదేశీ అలంకరణ మొక్క ఆకుల మీది పసుపు మచ్చలు కూడా వైరస్ వల్ల వచ్చినవే, అయినా నర్సరీలలో అది వేరిగేటెడ్ పేరుతోనే అమ్ముడవుతున్నది.

అసలు ఈ రంగుల తేడా ఎలా పుడుతుందంటే, ఎక్కువ మొక్కలలో చిగురు కొసన ఉన్న కణాలలో కొన్ని పత్రహరితాన్ని తయారుచేసే శక్తిని కోల్పోతాయి. వాటి నుంచి పెరిగిన భాగమంతా తెల్లగానో పసుపుగానో మిగులుతుంది, పక్క కణాల నుంచి పెరిగినది పచ్చగా ఉంటుంది. ఒకే మొక్కలో రెండు రకాల కణజాలాలు కలిసి బ్రతుకుతున్నాయన్నమాట. మన పెరళ్లలో సాయంత్రం విచ్చుకునే చంద్రకాంత మొక్క ఈ విషయంలో శాస్త్రానికి ఎంతో మేలు చేసింది. కార్ల్ కారెన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త, ఒకే మొక్క మీద పచ్చ కొమ్మ, తెల్ల కొమ్మ, మచ్చల కొమ్మ ఉండే చంద్రకాంత రకాన్ని తీసుకుని వాటి మధ్య పరాగసంపర్కం జరిపి 1909లో ఫలితాలు ప్రకటించాడు. పుప్పొడి ఏ కొమ్మ నుంచి తెచ్చినా సరే, పచ్చ కొమ్మ మీది గింజల నుంచి పచ్చ మొక్కలే వచ్చాయి. తెల్ల కొమ్మ మీది గింజల నుంచి వచ్చిన తెల్ల మొలకలు ఆహారం తయారుచేసుకోలేక చనిపోయాయి. మచ్చల కొమ్మ గింజల నుంచి మూడు రకాలూ వచ్చాయి. అంటే పత్రహరితపు రేణువులు తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమిస్తున్నాయని తెలిసింది. తండ్రి ప్రమేయం లేని వారసత్వం కూడా ఉంటుందని లోకానికి చూపిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి. ఆ మొక్కను మనం గోడవారగా పెంచుకుంటూ కూడా ఈ సంగతి పిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

జవాబు: సింగరాయకొండ పశుపోషణ

జంతువుల విషయం అడిగారు కనుక రెండు మాటలు. గొర్రెకు, ఆవుకు, గుర్రానికి ఆంగ్లంలో సాధారణంగా ఈ మాట వాడరు. గుర్రం ఒంటి మీద నలుపు, తెలుపు పెద్ద మచ్చలుంటే 'పైబాల్డ్' అనీ, తెలుపుతో గోధుమ వంటి మరో రంగు ఉంటే 'స్క్యూబాల్డ్' అనీ, పక్షి నలుపు తెలుపుల్లో ఉంటే 'పైడ్' అనీ అంటారు. చాతక పక్షిని వారు పైడ్ కుకూ అనడం అందుకే.

మన వైపు ఇంకా సూక్ష్మమైన మాటలు ఉన్నాయి. నెల్లూరు గొర్రెలో ఒళ్లంతా తెల్లగా ఉన్నదానిని పల్ల అనీ, ఒళ్లంతా గోధుమ ఎరుపుగా ఉన్నదానిని దోర అనీ, తెల్లని ఒంటి మీద పెదవుల చుట్టూ, కళ్ల చుట్టూ, కింది దవడ మీద నల్లని మచ్చలున్నదానిని జోడిపి అనీ అంటారు. జోడిపిలో ఆ నలుపు పొట్ట మీదా కాళ్ల మీదా కూడా ఉండవచ్చును. సంతలో బేరగాడు జోడిపి అన్నాడంటే మచ్చలు ఎక్కడ ఉంటాయో చూడకుండానే తెలిసిపోతుంది. ఒంగోలు ఎద్దుకు ఈ లెక్క కుదరదు. వయసు వచ్చిన ఆబోతుకు తల మీద, మెడ మీద, మూపురం మీద బూడిద నలుపు కమ్ముతుంది గాని అది తెలుపులోకి మెల్లగా కరిగిపోతుంది, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వేలు పెట్టి చూపలేము. మాస్టారు చెప్పిన హద్దు అక్కడ లేదు.

కోడిపుంజుకు మాత్రం వేరిగేటెడ్ అనే మాట చక్కగా అతుకుతుంది. నల్లని పుంజు కాకి, ఎర్రనిది డేగ. మెడ మీద నలుపు తెలుపు ఈకలు సమంగా ఉన్నది పర్ల. ఒక్కొక్క ఈక మీదనే నలుపు, తెలుపు, ఎరుపు మూడూ కనిపించేది పూల. ఆ పూల పుంజు ఈకను ఒకదానిని చేతిలోకి తీసుకుని చూస్తే మీరు అడిగిన ఆంగ్లపదానికి అర్థం వేరే చెప్పనక్కరలేదు.

జవాబు: నెల్లూరు తెలుగు ఉపాధ్యాయిని

కావలి తమ్ముడు తెలుగు మాట కావాలని అడిగాడు, ఆ భాగానికి నేను సమాధానం చెబుతాను. సంస్కృతంలో ఈ భావానికి కొరత లేదు. అమరకోశంలో చిత్రం, కిర్మీరం, కల్మాషం, శబలం, ఏతం, కర్బురం అని ఆరు పేర్లు ఒకేచోట ఉన్నాయి. వీటిలో కొన్ని మన పురాణకథల వల్ల చెవికి పరిచయమైనవే. రామాయణంలో వసిష్ఠుని కామధేనువు పేరు శబల. శాపజలం పాదాల మీద పడి అవి రంగు మారినందువల్ల సౌదాసుడు కల్మాషపాదుడయ్యాడు. అయితే మొక్క కొనడానికి వచ్చిన ఇల్లాలికి 'శబలవర్ణ మందారం' అని చీటీ చూపిస్తే ఆమెకు మరో సందేహం కలుగుతుంది తప్ప ఉన్నది తీరదు. వ్యాసాలలో 'చిత్రవర్ణం' అని వ్రాయవచ్చు, అది అందరికీ అర్థమవుతుంది. చీటీ మీదకు అది కూడా బరువే.

మన ఇళ్లలో ఉన్న మాట 'పొడ'. పొడదుప్పి, పొడపాము అని అనని ఊరు లేదు. ఒంటి రంగు మీద మరో రంగు మచ్చలుగా తేలడమే పొడ. 'పొడల ఆకు మందారం' అంటే చదవనివారికి కూడా మొక్క కళ్ల ముందు కనిపిస్తుంది. కాని ఆంగ్లంలో వలె అన్నింటికీ ఒకే మాట పెట్టవలసిన అవసరం మనకు లేదు. ఆకు నిండా మచ్చలుంటే పొడల ఆకు అనండి. నిలువునా గీతలుంటే చారల ఆకు అనండి. నడుమ పచ్చగా ఉండి చుట్టూ పసుపు ఉన్నదానికి చీరకు చెప్పినట్లుగా పసుపంచు ఆకు అనండి. అంచు అనగానే ఆడవారికి వెంటనే తెలుస్తుంది. చెప్పే మాట చూసే వస్తువును బట్టి ఉండాలి. తెలుగు మాట కింద చిన్న అక్షరాలలో 'వేరిగేటెడ్' అనే ఆంగ్లపదాన్ని తెలుగులిపిలో ఉంచితే, ఆ పేరుతో వెదుక్కునే పిల్లలకు కూడా ఉపయోగపడుతుంది.

జవాబు: నెల్లూరు ల్యాబ్ టెక్నీషియన్

ఈ మాట ఆసుపత్రి కాగితాలలో కూడా వస్తుంది కనుక ఇక్కడ చెప్పడం అవసరమనిపించింది. శస్త్రచికిత్సలో తీసిన గడ్డను పరీక్షించి ఇచ్చే బయాప్సీ రిపోర్టులో, కోసి చూసినప్పుడు లోపలిభాగం 'వేరిగేటెడ్'గా ఉన్నదని వ్రాస్తారు. ఒకచోట బూడిద తెలుపు, ఒకచోట పసుపు, రక్తం చిమ్మినచోట ఎరుపు కనిపించిందని దాని అర్థం. అది కంటికి కనిపించిన రంగుల వర్ణన మాత్రమే, రోగనిర్ణయం కాదు. రోగులు, వారి పిల్లలు ఆ ఒక్క మాటను ఫోన్‌లో వెదికి రాత్రంతా నిద్రపోకుండా ఉండటం చూస్తున్నాము. రోగనిర్ణయం రిపోర్టులో వేరే శీర్షిక కింద ఉంటుంది, దానిని వైద్యుని చేత చదివించుకుని అర్థం తెలుసుకోండి.

ప్రశ్న అడిగినవారు: కావలి నర్సరీ

అందరికీ కృతజ్ఞతలు. అక్కగారు చెప్పిన పొడల ఆకు, చారల ఆకు, పసుపంచు అనే మాటలతోనే చీటీలు వ్రాయిస్తాను. పొదలకూరు వారిని ఇంకొక్కటి అడగాలి. తెల్లమచ్చల మొక్కను కొనుక్కుపోయినవారు కొన్నాళ్లకు వచ్చి, కొత్త కొమ్మలన్నీ పచ్చగానే వస్తున్నాయని చెబుతుంటారు. అటువంటి మొక్కను ఇంకా వేరిగేటెడ్ అనవచ్చునా? మచ్చలు నిలవాలంటే ఏమి చెప్పి పంపాలి?

జవాబు: పొదలకూరు నిమ్మతోట

పూర్తిగా పచ్చబడిన కొమ్మను అలా అనలేము, మొక్కలో మిగిలిన భాగాన్ని అనవచ్చు. తెల్లని భాగంలో పత్రహరితం లేదు కనుక అది ఆహారం తయారుచేయదు. పచ్చ కొమ్మ ఆకు మొత్తంతో తయారుచేస్తుంది, అందువల్ల బలంగా, వేగంగా పెరిగి మచ్చల కొమ్మలను అణచివేస్తుంది. పచ్చ కొమ్మ కనిపించిన వెంటనే మొదలంటా కత్తిరించమని చెప్పండి. మనీప్లాంటు వంటివాటిని ఇంట్లో చీకటి మూలన పెడితే మచ్చలు తగ్గి పచ్చదనం పెరుగుతుంది. ఎండ నేరుగా తగలని, వెలుతురు బాగా వచ్చే కిటికీ దగ్గర పెట్టమనండి. పూర్తిగా తెల్లగా వచ్చిన కొమ్మలను కూడా కొందరు ముచ్చటపడి విడిగా నాటుతారు, అవి బ్రతకవు.

పసుపంచు ఉన్న పాము మొక్క విషయంలో మీరే జాగ్రత్తపడాలి. దాని ఆకును ముక్కలు చేసి నాటితే వేళ్లు వస్తాయి, మొక్క కూడా వస్తుంది, కాని అంచు లేని పచ్చని మొక్క వస్తుంది. అంచు నిలవాలంటే తల్లి పక్కన వచ్చిన పిలకను వేరుతో సహా విడదీసి నాటాలి. పసుపంచు అని చీటీ కట్టే ముందు మొక్క పిలక నుంచి వచ్చినదో ఆకు ముక్క నుంచి వచ్చినదో పనివారిని అడిగి తెలుసుకోండి.